అడ్డంకులు లేవు

పొద్దున్న తొమ్మిదిన్నరకి అందరూ లేచి గోడ మీది బోర్డు ముందు నిలబడాలి. కూర్చుంటే మాటలు సాగుతాయని ఆ ఏర్పాటు. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా. నాలుగో మాట ఎత్తితే ఫణీంద్ర చేతిలోని రబ్బరు బాతు కుయ్యిమంటుంది.

తవిటయ్యకి యాభై రెండేళ్ళు. పాలకొండ దగ్గర ఒక పల్లె బడిలో చదివాడు. అక్కడ లెక్క తప్పినవాణ్ణి నిలబెట్టేవారు. ఇక్కడ జీతమిచ్చి మరీ నిలబెడుతున్నారు. మొదట్లో ఈ మాట ఇంట్లో చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు ఇంట్లో నవ్వడానికి మనిషి లేదు.

"తవిటయ్య గారూ, మీ వంతు."

"నిన్న చేసిందేమీ లేదు. ఈరోజు మిగులు సంచి తెరవాలి. అడ్డంకి, ఈ బోర్డు."

బాతు కుయ్యిమంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫణీంద్ర నవ్వలేదు. ముప్పై మూడేళ్ళ మనిషి. చొక్కా ఇస్త్రీ ఎన్నడూ నలగదు. అతని కొలువు పేరు స్క్రమ్ మాస్టర్. ప్రోగ్రాం ఒక్క లైను రాయడు, రాసేవాళ్ళు పద్ధతి తప్పకుండా చూస్తాడు. రెండు వారాలకొక పరుగు, దాని పేరు స్ప్రింట్. పరుగు మొదలయ్యాక బోర్డు మీద కార్డు లేని పనిని ఎవరూ ముట్టరాదు.

"మిగులు సంచి ఈ స్ప్రింట్‌లో లేదండీ," అన్నాడు.

"శుక్రవారం దాన్ని చెరిపేస్తున్నారు."

"అవును. చెరిపేది స్ప్రింట్‌లో ఉంది. కార్డు షబానా పేరు మీద ఉంది. రోగి వెళ్ళిపోయిన తొంభై రోజులకి ఆ రోగి శబ్దాలు తీసెయ్యాలి కదా, రూలు."

"చెరిపేది పని. వినేది పని కాదా?"

"వినడానికి ఒక కార్డు రాయండి. వచ్చే సోమవారం తీసుకుందాం."

"వచ్చే సోమవారానికి అది ఉండదు కదయ్యా!"

"అందుకే ముందే రాయాల్సింది," అన్నాడు ఫణీంద్ర.

వెటకారం కాదు. సాయం చేస్తున్నానని నిజంగానే అనుకున్నాడు. అదే తవిటయ్యకి అంతు చిక్కనిది. శత్రువైతే తిట్టి ఊరుకోవచ్చు.

ఆ సంచిలో ఉన్నది తవిటయ్య భార్య నోరు.

*

విశాఖలో, సముద్రం కనబడే కొండవాలు మీద వాళ్ళ ల్యాబు. అక్కడ చేస్తున్న యంత్రం పేరు పలుకుపట్టీ. నుదుటికీ కణతలకీ చుట్టే మెత్తటి పట్టీ. మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు నాలుకకి హుకుం ఇస్తుంది. నాలుక చచ్చుబడ్డా మెదడు హుకుం ఇవ్వడం మానదు. పట్టీ ఆ హుకుంని దారిలోనే పట్టుకుని, మాటగా మార్చి ఫోన్లో చూపిస్తుంది. మాటగా తేలని శబ్దాలు మిగులు సంచిలో పడతాయి.

తవిటయ్య భార్య అసిరమ్మకి నిరుడు బీపీ పెరిగి మెదడులో నరం చిట్లింది. మనిషి బతికింది, ఒళ్ళు బతకలేదు. రెప్ప కూడా ఆమె మాట వినలేదు. తవిటయ్య తనే సంతకం పెట్టి ఆమెని పలుకుపట్టీకి మొదటి రోగిగా చేర్చాడు. మొదటి రోజు పట్టీ తన చేత్తోనే కట్టాడు.

రోగిని ఏం అడగాలని మీటింగు పెట్టారు. రోజూ ఒకే ప్రశ్నలైతేనే కొలత కుదురుతుందని ఫణీంద్ర అన్నాడు. "మన దగ్గర మూడు ప్రశ్నలు తయారుగా ఉన్నాయిగా. రోగి కూడా మన టీమే." ఆ మాట అందరికీ ముచ్చటగా తోచింది. ఆ మర్నాటి నుంచి ఆసుపత్రిలో పొద్దున్న తొమ్మిదికి, కదల్లేని ఆడమనిషిని పట్టీలోంచి ఒక తియ్యటి ఆడగొంతు అడిగేది. నిన్న ఏం చేశారు? ఈరోజు ఏం చేస్తారు? అడ్డంకులేమైనా ఉన్నాయా?

తవిటయ్యకి అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

రెండో రోజు ఫోన్లో 'నీళ్ళు' అని వచ్చింది. నర్సు దూది తడిపి పెదాలు తుడిచింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. తరవాత వారం రోజులు ఏవేవో వచ్చాయి, సగం మాటలకి అర్థం లేదు. పదకొండో రోజు నుంచి మాట రావడమే ఆగిపోయింది. ఫోన్లో రోజూ ఒకటే వరస. జవాబు లేదు. జవాబు లేదు. అడ్డంకులు లేవు.

అసిరమ్మ చెల్లెలు దాలమ్మది పక్క వీధిలో కాపురం. రోజూ మధ్యాహ్నం అప్ప దగ్గర కూచునేది. ఒక రోజు అడిగింది.

"బావా, అప్ప కాళ్ళకి ఆ బూట్లేటి? ఇప్పి సూసినారా ఎవులైనా?"

"పాదాలు వంకరపోకుండా వేశారు. విప్పకూడదు."

"రోజంతా ఏసుంచితే ఒళ్ళు మగ్గిపోదా?"

తవిటయ్య ఫోన్ తీసి చూపించాడు. "ఇదిగో, అడ్డంకులు లేవట. తనే చెబుతోంది."

దాలమ్మకి చదువు రాదు. వెలుగుతున్న అక్షరాల్ని కాసేపు చూసింది. "అప్పే సెప్పిందా? అయితే సరే మరి," అంది.

యాభై ఎనిమిదో రోజు నర్సు ఎడమకాలి బూటు విప్పితే వాసన కొట్టింది. మడమ ఎముక దాకా కుళ్ళింది. చీము రక్తంలో కలిసింది. అరవై మూడో రోజు అసిరమ్మ పోయింది.

ఆ మడమ సంగతి డాక్టర్లు చూసుకోవాల్సిందని తవిటయ్య వాళ్ళని క్షమించలేదు. కానీ లోపల తొలిచేది వేరే ఉంది. ఇరవై ఆరేళ్ళు గలగలా వాగిన మనిషి పదకొండో రోజు నుంచి ఎందుకు మాట మానేసింది? పరీక్షకి పెట్టాడని తన మీద అలిగిందా? అడిగితే చెప్పే మనిషి లేదు. మూడు నెలలు ఆ ప్రశ్నతోనే తిన్నాడు, ఆ ప్రశ్నతోనే పడుకున్నాడు.

మొన్న బోర్డు మీద షబానా కార్డు చూశాడు. 'మొదటి రోగి. మిగులు సంచి. రెండు వందల పన్నెండు శబ్దాలు. చెరపాలి.'

మౌనంగా ఉందనుకున్న మనిషి రెండు వందల పన్నెండు సార్లు నోరు విప్పింది.

*

మంగళవారం కార్డు రాశాడు. కార్డుకో అచ్చు ఉంది. 'ఫలానావాడిగా నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే ఫలానా.' ఖాళీలు పూరించాలి. బడిలో పూరించినట్టే. 'రోగి భర్తగా నాకు మిగులు సంచి వినడం కావాలి, ఎందుకంటే' దాకా రాశాడు. పెన్ను ముందుకి కదల్లేదు.

మధ్యాహ్నం పాయింట్ల ఆట. కార్డు చదవగానే ఆ పని ఎంత బరువో ఒక్కొక్కరూ ఒక అంకె అట్ట ఎత్తి చూపిస్తారు. ఒకడు పదమూడు ఎత్తాడు, ఒకడు ఎనిమిది, మరొకడు ఇరవై. శబ్దాల పని చూసే షబానా ఒకటి ఎత్తింది.

"ఒకటేంటి షబానా?" అన్నాడు ఫణీంద్ర.

"ప్లే నొక్కడానికి ఎన్ని పాయింట్లు కావాలి ఫణీ?"

"ముందు శుభ్రం చెయ్యాలి. మాటలు విడగొట్టాలి. సరిచూడాలి. అవన్నీ అయితేనే పని అయినట్టు."

"నాకు అయినట్టు అక్కర్లేదు, వింటే చాలు," అన్నాడు తవిటయ్య.

"వినడం అయిందని ఎలా తెలుస్తుందండీ మనకి?"

ఎవరూ నవ్వలేదు. ప్రశ్న నిజమైనదే అన్నట్టు అందరూ ఆలోచించారు. తవిటయ్య కూడా ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మళ్ళీ అట్టలెత్తారు. ఎనిమిది దగ్గర రాజీ పడ్డారు. స్ప్రింట్‌లో మిగిలిన చోటు మూడు. ఫణీంద్ర కార్డుని వెనకాముందు తిప్పి చూశాడు.

"పైగా 'ఎందుకంటే' దగ్గర ఖాళీగా ఉంది."

"వింటే గానీ తెలీదు."

"తెలీకుండా దీనికి విలువ ఎలా కట్టమంటారు?" గొంతు తగ్గించాడు. "తవిటయ్య గారూ, నాకు అర్థమవుతుంది. మీ విషయంలో రూలు తప్పిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. పద్ధతి లేకపోతే మనం అసలు ఏదీ పూర్తి చెయ్యలేం."

"మీ అమ్మ గొంతైతే?"

ఫణీంద్ర కార్డుని బల్ల మీద పెట్టాడు. చేతిలోని బాతుని చూసుకున్నాడు. గంట అయిపోయింది. మీటింగు ముగిసింది.

*

బుధవారం భోజనాల వేళ షబానా అతని బల్ల దగ్గరికొచ్చింది. అన్నం డబ్బా ఇంకా మూత తియ్యలేదు.

"సర్, నా కార్డులో ఒక లైనుంది. చెరిపే ముందు సరిచూడాలి అని. శబ్దాన్ని సరిచూడటమంటే వినడమే కదా? రండి."

గాజు గదిలో తలుపేసుకున్నారు. తెర మీద రెండు వందల పన్నెండు వరసలు. ప్రతిదాని పక్కనా ఒక మార్కు. నలభై రెండు, యాభై ఆరు, అరవై తొమ్మిది. యంత్రం తన మీద తనకెంత నమ్మకమో వందకి వేసుకున్న మార్కులవి.

"ఇవి డెబ్బై దాకా ఉన్నాయి. మరి సంచిలోకెందుకు పోయాయి?" అన్నాడు తవిటయ్య.

"ఎనభై దాటితేనే మాటగా చూపించు, లేకపోతే సంచిలో వెయ్యి అని ఉంది సర్. అంతకుముందు అరవై ఉండేదట."

"అరవైని ఎనభై చేసిందెవడు?"

షబానా వెతికింది. వేళ్ళు ఆగాయి. తెర కాస్త అతని వైపు తిప్పింది.

బొడ్డేపల్లి తవిటయ్య. పదో రోజు. సాయంత్రం నాలుగూ పది.

ఆ పేరు ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత మెల్లిగా గుర్తొచ్చింది. ఆ రోజు శుక్రవారం, అయిదింటికి డెమో. చూపించిన మాటల్లో నూటికి తొంభై అయిదు సరైనవి కావాలని కార్డు. వస్తున్నవి డెబ్బై. యంత్రానికి కొత్త మాటలు నేర్పడానికి నెల పడుతుంది, కార్డు మూయడానికి గంటే ఉంది. అనుమానం ఉన్న మాటల్ని అసలు చూపించకపోతే చూపించినవన్నీ సరైనవే అవుతాయి. ఒక్క అంకె మార్చాడు. తొంభై ఆరు వచ్చింది. కార్డు కుడివైపు, పూర్తయిన పనుల గడిలోకి జరిగింది. ఫణీంద్ర అతని అంగీకి ఒక నక్షత్రం గుచ్చాడు. జవాబు లేకపోతే మూడో ప్రశ్న దగ్గర ఏం రాయాలన్నది కార్డు మీద లేదు. అక్కడ 'లేవు' అని పెట్టింది కూడా ఆ గంటలోనే.

అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. కార్డు ఏమడిగిందో అదే ఇచ్చాడు. ఆ నక్షత్రాన్ని ఆసుపత్రికి పట్టుకెళ్ళి అసిరమ్మ దిండుకి గుచ్చాడు కూడా.

"వినిపించు," అన్నాడు.

మీట నొక్కింది. నిఘంటువులోని మాటలతో పోల్చకుండా, మెదడు హుకుంని ఉన్నదున్నట్టు శబ్దం చేసి, ఆపు లేకుండా, ఇనుప గొంతు ఒకటి ఏదో ముద్దగా పలికింది. అది అసిరమ్మ గొంతు కాదు. మనిషి గొంతే కాదు. పది విన్నాడు, ఇరవై విన్నాడు. ఒక్కటీ పట్టుబడలేదు. ఎక్కడో తెలిసిన ఊరి దారిలా ఉంది, ఊరు మాత్రం కనబడదు.

"మీరు భర్త. సంతకం మీదే. ఫోన్లో వేసుకెళ్ళండి," అంది షబానా. "నేను అన్నం తింటున్నాను. చూడలేదు."

*

సాయంత్రం దాలమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూచుని చేపలు కోస్తోంది. తవిటయ్య పక్కనే పీట వేసుకుని ఫోన్ నేల మీద పెట్టాడు.

"ఏటిది బావా, రేడియో పాడైపోనాదా?"

"విను."

మూడోది అయ్యేసరికి ఆమె చెయ్యి ఆగింది. చేప కత్తి మీద అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ ఎయ్యి."

వేశాడు.

"మడం సలుపుతందంతన్నాది." తల ఎత్తింది. "బావా, ఇది మా అప్ప. ఇనుము గొంతయితేనేటి, మాట అప్పదే. నీకు తెలీనేదా?"

తెలియలేదు. ముప్పై ఏళ్ళు ఆఫీసుల్లో నాలుకని ఇస్త్రీ చేసుకున్నాడు. యంత్రానికి పన్నెండు వేల మాటలు నేర్పిన నలుగురిలో తనొకడు. పల్లె నుంచి వచ్చింది తనొక్కడే. నొప్పి రాశాడు, బాధ రాశాడు. సలుపు రాయలేదు. ఎవరూ అడగలేదు, తనకీ తోచలేదు. ఆఫీసు వాళ్ళు ఫోన్లో ఉంటే అసిరమ్మతో అనేవాడు, కాస్త మంచి తెలుగు మాట్లాడవే అని.

దాలమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఒక్కొక్కటీ విప్పి చెప్పింది. తవిటయ్య తేదీలు చూసుకుంటూ రాసుకున్నాడు.

మొదటి ప్రశ్నకి: "ఏటి సేత్తాను? పడుకునే ఉన్నాను కదే." రెండో ప్రశ్నకి: "ఇయ్యాళా అంతే." ఒకసారి: "ఎవులే నువ్వు, పొద్దున్నే లేచి ఒకటే అడుగుతావు? నీకు పన్నేదా?"

దాలమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడో ప్రశ్నకి ఇరవయ్యో రోజున మడం సలుపుతంది. ఇరవై ఒకటిన అదే. ఇరవై ఆరున పోటు పెడతంది. ముప్పైన తీపులు. ముప్పై నాలుగున చుర్రుమంతంది, బూటిప్పండి. మళ్ళీ సలుపుతంది. కౌంటరు కిటికీ దగ్గర పల్లెటూరి మనిషి గుమాస్తాకి ఏ మాట చెబితే వినబడుతుందోనని మాట మార్చి మాట మార్చి అడిగినట్టు, అసిరమ్మ నెల రోజులు అడిగింది. ప్రతి రోజూ ఆ పక్కనే నిలబడి తవిటయ్య ఫోన్ చూసుకున్నాడు. అడ్డంకులు లేవు.

అలగలేదు. తన మాటే ఎత్తలేదు. తిట్టు లేదు, పొగడ్త లేదు. మూడు నెలలుగా తన గురించే ఏదో ఉందనుకున్నాడు. ఉన్నదంతా ఒక మడమ.

యాభై ఏడో రోజుది ఒకటి మిగిలింది. చాలా సన్నగా ఉంది. దాలమ్మ ఫోన్‌ని చెవికి ఆనించుకుంది. మొహం చిట్లించింది.

"ఇది అప్ప మాట కాదు బావా. 'నొప్పి అండీ' అంతన్నాది. అప్ప ఎప్పుడైనా నొప్పి అందా? అండీ అందా? పంతులమ్మలాగ ఇదేటి?"

తవిటయ్యకి అర్థమైంది. ఆఫీసు వాళ్ళు వింటున్నారనుకుంది. మంచి తెలుగు మాట్లాడింది.

దాని పక్కన మార్కు చూశాడు. డెబ్బై ఒకటి.

*

శుక్రవారం డెమో. డైరెక్టరు, ఆసుపత్రి నుంచి ఇద్దరు, టీమంతా కూర్చున్నారు. డెమోలో పూర్తయిన పనులే చూపించాలని రూలు. తవిటయ్య వంతు వచ్చింది.

"పూర్తయిన కార్డొకటి చూపిస్తాను," అన్నాడు. పాత కార్డు తెర మీద పెట్టాడు. నక్షత్రం, తన పేరు, నాలుగూ పది. పక్కనే మిగులు సంచి మాటలు, తేదీలతో. ఇనుప గొంతు గదంతా నలభై సార్లు సలుపుతందంది. కింద అక్షరాల్లో నలభై సార్లు అడ్డంకులు లేవు. చివర 'నొప్పి అండీ'. డెబ్బై ఒకటి.

"అరవై ఉన్నప్పుడు వదిలేసి ఉంటే ఇది కనబడేది. ఎనభై చేసింది నేను," అన్నాడు. "అంతే."

ఆసుపత్రి వాళ్ళలో ఒకాయన లేచి బయటికి వెళ్ళి ఫోన్ మాట్లాడటం గాజులోంచి కనిపించింది. డైరెక్టరు నీళ్ళు తాగాడు.

డెమో తరవాత ఎప్పుడూ వెనక్కి చూసుకునే మీటింగు ఉంటుంది. తెల్లబోర్డు మీద మూడు గళ్ళు. బాగా జరిగింది. బాగా జరగనిది. మార్చుకోవాల్సింది. ఫణీంద్ర పసుపు చీటీ మీద ఏదో రాశాడు. మొదటి గడి దగ్గరికి వెళ్ళాడు. మూడో గడి దగ్గరికి వచ్చాడు. మధ్యలో నిలబడిపోయాడు. చొక్కా వీపున చెమటకి నలిగింది.

"తవిటయ్య గారూ," అన్నాడు, చీటీ చేతిలోనే ఉంది. "దీన్ని ఏ గడిలో పెట్టాలండీ?"

అడగడానికి అతనికి వేరే మనిషి లేడు. తవిటయ్య మూడు గళ్ళనీ చదివాడు. తనకీ తెలియదు.

ఎనభైని అరవైకి దించాలని కార్డు రాశారు. ఈసారి 'ఎందుకంటే' దగ్గర ఖాళీ లేదు. వచ్చే స్ప్రింట్‌లో మొదటిదిగా పెట్టారు. షబానా మాత్రం సంచి చెరిపింది. ఆ కార్డు ఈ స్ప్రింట్‌ది.

*

సోమవారం తొమ్మిదికి తవిటయ్య ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్నాడు. అసిరమ్మ పడుకున్న మంచం మీద నూకరాజని ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. నుదుటికి పలుకుపట్టీ. కాళ్ళకి బూట్లు. పక్కన అతని భార్య స్టూలు మీద కూచుని ఫోన్ పట్టుకుని ఉంది.

తియ్యటి ఆడగొంతు మొదలైంది. నిన్న ఏం చేశారు?

"మీరు ఆఫీసు బాబులా?" అంది ఆమె. "ఈయన రోజూ బాగానే ఉన్నానంతన్నాడు బాబూ. ఇదిగో సూడండి."

తవిటయ్య ఫోన్ చూడలేదు. మంచం కాళ్ళ వైపు వెళ్ళి దుప్పటి మడిచాడు. జేబులో తన ఫోన్ మోగింది. అక్కడ బోర్డు ముందు అందరూ నిలబడే వేళ దగ్గర పడుతోంది. మోగనిచ్చాడు.

ఈరోజు ఏం చేస్తారు?

ఎడమ బూటు పట్టీలు ఒక్కొక్కటీ ఊడదీశాడు. పాదాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. మడమ శుభ్రంగా ఉంది.

అడ్డంకులేమైనా ఉన్నాయా?

"కాసింత ఉండవే," అన్నాడు తవిటయ్య ఆ గొంతుతో. "సూత్తన్నాను."

కుడి బూటు విప్పడం మొదలుపెట్టాడు.